సరస్సు లోతుకు పడికట్టురాయి

పిల్లలూ! సంతలో తక్కెడ పట్టుకుని కూరలు అమ్మేవాళ్ళను మీరు చూసే ఉంటారు. ఇప్పుడు చాలాచోట్ల అంకెలు చూపే కాటాలు వచ్చినా, తక్కెడ ఇంకా పూర్తిగా పోలేదు. గడుసు ఇల్లాలు సరుకు తూయించుకునే ముందు, "ఏదీ, మొదట పాసంగం చూపించు!" అంటుంది. ఖాళీ పళ్ళేలు రెండూ సమంగా నిలవాలి. నిలవకపోతే తేలికగా ఉన్న పళ్ళెంలో చిన్న రాయో, నాలుగు చింతగింజలో వేసి సమం చేస్తారు. దానినే పాసంగం అంటారు. ఆ తరవాతనే పడికట్టురాయి వేసి తూచటం. రాయి సరి అయినదైతే తూకం సరి అవుతుంది. రాయి తప్పుదైతే, తూచేవాడు ఎంత నిజాయితీపరుడైనా తూకం తప్పే.

ఈ నెల మనం తెలుసుకోబోయే తక్కెడ చాలా చిత్రమైనది. దానితో తూచే సరుకు పెద్ద సరస్సులో, లోతున, చీకట్లో ఈదుతూ ఉంటుంది. తూచేవాడు పైన పడవలో కూచుంటాడు. సరుకు అతని కంటికి కనపడదు, చేతికి అందదు. అతను దాన్ని ధ్వనితో తూస్తాడు. అయితే అతను కూడా ఆ ఇల్లాలిలాగే మొదట పాసంగం చూసుకోవాలి. అదెట్లా చేస్తాడో, ఎందుకు చేస్తాడో చెబుతాను.

మొదట సరుకేమిటో చూద్దాం. చెరువునీళ్ళు గాజుగ్లాసులో తీసుకుని ఎండకు ఎదురుగా పట్టుకుంటే, నలుసుల వంటివి కుదుపులు కుదుపులుగా ఎగురుతూ కనిపిస్తాయి. అవి నలుసులు కావు, ప్రాణులు. వీటిని జంతుప్లవకాలు అంటారు. ప్లవం అంటే తేలేది. నీటి ప్రవాహానికి ఎదురీదే బలం లేక, నీరు ఎటు తీసుకుపోతే అటు పోతాయి కనుక ఆ పేరు వచ్చింది. వీటిలో నీటి ఈగలనబడే డాఫ్నియాలున్నాయి. సైక్లోప్స్ అనే ఒంటికంటి జీవులున్నాయి. ఈ సైక్లోప్స్‌తో మన తాతల తరం చాలా బాధ పడింది. నారికురుపు పురుగు పిల్లలు వీటి కడుపులో చేరి, దిగుడుబావుల నీటితో పాటు మనుషుల కడుపులోకి పోయేవి. నీళ్ళు గుడ్డతో వడగట్టుకుని తాగటం ఊరూరా నేర్పిన మీదటనే ఆ జబ్బు వదిలింది. 2000 సంవత్సరంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంలో నారికురుపు లేదని ధ్రువపరిచింది.

జంతుప్లవకాలన్నీ చెడ్డవని అనుకోకండి. నీటిలోని నాచుపొడిని ఇవి తింటాయి. వీటిని చిన్న చేపలు తింటాయి. చిన్న చేపలను పెద్ద చేపలు తింటాయి. సరస్సులో చేపలకు ఇవే గాదెలోని ధాన్యం. గాదెలో ఎంత ధాన్యం ఉన్నదో తెలియకుండా ఇంటికి చుట్టాలను పిలిస్తే ఏమవుతుంది? అటువంటి పనే ఒకచోట జరిగింది.

అమెరికాలో మోంటానా అనే రాష్ట్రంలో ఫ్లాట్‌హెడ్ సరస్సు ఉన్నది. దాని విస్తీర్ణం సుమారు 500 చదరపు కిలోమీటర్లు. బాగా లోతైనచోట లోతు 113 మీటర్లు. అందులో కోకనీ అనే సాల్మన్ చేపలు లక్షల సంఖ్యలో ఉండేవి. చలికాలం రాబోయే ముందు అవి గుడ్లు పెట్టటానికి గుంపులు గుంపులుగా మెక్‌డొనాల్డ్ అనే వాగులోకి ఎదురీదుకుంటూ పోయేవి. వాటిని తినటానికి తెల్లతల గద్దలు వచ్చి వాలేవి. 1981లో ఆ వాగు దగ్గర ఒకేసారి 600కు పైగా గద్దలను లెక్కపెట్టారు. ఆ వింత చూడటానికి దూరదూరాల నుంచి జనం వచ్చేవారు.

ఈ కథలోకి మైసిస్ అనే రొయ్య వచ్చింది. ఇది జంతుప్లవకాలలో కాస్త పెద్దది. బాగా ఎదిగితే రెండున్నర సెంటీమీటర్లు ఉంటుంది. ఒళ్ళు గాజులా ఉంటుంది, కళ్ళు మాత్రం నల్లగా కనిపిస్తాయి. కంగారూకు మల్లే పొట్టకింద సంచిలో పిల్లలను మోస్తుంది. కెనడాలోని కూటనే సరస్సులో 1949లో ఈ రొయ్యలను వదిలితే, ఆ సరస్సు పడమటి కొమ్మలో కోకనీ చేపలు బాగా బలిశాయి. అది చూసి, "మనమూ వదిలితే మన చేపలూ బలుస్తాయి గదా!" అని మోంటానాలో అనుకున్నారు. ఫ్లాట్‌హెడ్‌కు ఎగువన ఉన్న సరస్సులలో 1968 నుంచి 1975 లోపల ఈ రొయ్యలను వదిలారు. అవి ప్రవాహం వెంట దిగువకు వచ్చి, 1981 నాటికి ఫ్లాట్‌హెడ్ సరస్సులో కనబడ్డాయి.

చేపలు బలిశాయా? లేదు. కొద్ది ఏళ్ళలోనే కోకనీ చేపలు దాదాపు మాయమైపోయాయి. 1989లో ఆ వాగు దగ్గర గద్దలు పాతిక ముప్పై కూడా గగనమయ్యాయి.

కారణం ఏమిటంటే, మైసిస్‌కు వెలుతురు గిట్టదు. పగలంతా అది సరస్సు అడుగున దాక్కుని, చీకటి పడగానే పైకి లేస్తుంది. రాత్రంతా పైనీటిలో ఉన్న డాఫ్నియాలను తిని, తెల్లవారబోయేసరికి మళ్ళీ అడుక్కు దిగిపోతుంది. కోకనీ చేప కళ్ళతో చూసి వేటాడుతుంది. పగలు అది తిరిగేచోట రొయ్యలు ఉండవు. రొయ్యలు పైకి వచ్చే వేళకు దానికి కళ్ళు కనపడవు. అందుచేత చేపకు ఆహారంగా వచ్చిన రొయ్య, చేప తినవలసిన తిండిని తానే తినేసింది. లోతున బతికే లేక్ ట్రౌట్ అనే పెద్ద చేపలు మాత్రం రొయ్యలను తిని పెరిగి, మిగిలిన కోకనీలను కూడా పట్టి తిన్నాయి. మరి కూటనేలో ఎట్లా కలిసివచ్చింది? అక్కడ సరస్సు కొమ్మ మొదట్లో అడుగు మెరకగా ఉంటుంది. ప్రవాహం రొయ్యలను ఆ మెరక మీదికి తోసుకువచ్చేది. అందుచేత అక్కడి చేపలకు అవి పట్టపగలు దొరికేవి. ఒకచోటి తూకం మరొకచోట పనికిరాలేదన్నమాట.

సరస్సులో రొయ్యలు ఎన్ని ఉన్నాయి, ఏ వేళకు ఏ లోతున ఉన్నాయి అనే లెక్క ఎంత అవసరమో ఇప్పుడు తెలిసింది గదా. మరి లెక్కపెట్టటం ఎట్లా? వల వేసి చూడవచ్చు. మీటరు వెడల్పు మూతి ఉన్న వలను అడుగుదాకా దించి పైకి లాగితే, మీటరు వెడల్పు నీటిలో ఉన్నవి దొరుకుతాయి. కాని 500 చదరపు కిలోమీటర్ల సరస్సులో అది ఏమూలకు? ఒక్క మెతుకు పట్టుకుని అన్నం ఉడికిందో లేదో చెప్పవచ్చు గాని, ఆ మెతుకును చూసి ఊళ్ళోని వంటిళ్ళన్నిటి సంగతీ చెప్పలేం. అందుచేత ధ్వనిని పంపుతారు.

నీటిలో ధ్వని ప్రయాణం చేస్తుందా అని సందేహం వద్దు. గాలిలోకన్న నాలుగు రెట్లు వేగంగా పోతుంది. ఆ వేగాన్ని ఒక సరస్సులోనే కొలిచారు. 1826లో జెనీవా సరస్సులో కొలాడన్, స్టర్మ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు రెండు పడవలు పెట్టారు. ఒక పడవ కింద నీళ్ళలో గంట కట్టారు. గంట మోగిన క్షణానే పడవ మీద తుపాకిమందు భగ్గుమనేటట్టు ఏర్పాటు చేశారు. 13,487 మీటర్ల దూరాన రెండో పడవలో, నీళ్ళలోకి దించిన పొడుగాటి గొట్టానికి చెవి ఆనించి, మంట కనబడినప్పటి నుంచి గంట వినబడేదాకా కాలం లెక్కపెట్టారు. సుమారు 9.4 సెకన్లు పట్టింది. భాగించి చూడండి: సెకనుకు 1,435 మీటర్లు వస్తుంది. ఇప్పటి పరికరాలతో కొలిచినా దానికి చాలా దగ్గరగానే వస్తున్నది.

ఈ వేగం తెలిస్తే ప్రతిధ్వనితో లోతు చెప్పవచ్చు. పడవ నుంచి కిందికి ఒక కూత వేస్తాం. అది దేనికో తగిలి తిరిగి వస్తుంది. వెళ్ళి వచ్చిన కాలాన్ని బట్టి అది ఎంత లోతున తగిలిందో తెలుస్తుంది. ప్రతిధ్వని ఎంత గట్టిగా వచ్చిందో చూస్తే, అక్కడ తగిలినవి ఎన్నో తెలుస్తుంది.

అయితే మన కూత పనికిరాదు. మనిషి చెవి సెకనుకు 20,000 కంపనాలకు మించి వినలేదు. రొయ్యలను పట్టటానికి తరచు వాడే ధ్వనిలో సెకనుకు 1,20,000 కంపనాలుంటాయి. అంత హెచ్చు శ్రుతి ఎందుకంటే, ధ్వని అలలుగా పోతుంది. పొడుగాటి అల చిన్న వస్తువును పట్టించుకోకుండా దాటిపోతుంది. పొట్టి అల తగిలి తిరిగి వస్తుంది. 1,20,000 కంపనాల ధ్వనికి నీటిలో అల పొడవు 12 మిల్లీమీటర్లు మాత్రమే. అంటే మైసిస్ రొయ్యంత.

ఈ ధ్వనిని పుట్టించే బిళ్ళను ట్రాన్స్‌డ్యూసర్ అంటారు. దానికి నోరూ, చెవీ ఒకటే. కొన్ని స్ఫటికాలను నొక్కితే వాటిలో విద్యుత్తు పుడుతుందని 1880లో ఫ్రాన్సులో పియేర్ క్యూరీ, ఆయన అన్న జాక్ క్యూరీ కనిపెట్టారు. విద్యుత్తు పంపితే అవే స్ఫటికాలు అదిరి ధ్వని చేస్తాయి. ట్రాన్స్‌డ్యూసర్ లోపల అటువంటి గుణం గల పింగాణీ ముక్కలుంటాయి. అవి కూత వేసి, వెంటనే చెవి ఒగ్గి ప్రతిధ్వనిని విద్యుత్తుగా మారుస్తాయి.

ఇప్పుడు సరస్సు మీదికి బయలుదేరే ముందు చేసే పనులు చూద్దాం. నిజమైన తూకమంతా ఇక్కడే ఉన్నది.

మొదటి పని ట్రాన్స్‌డ్యూసర్ ముఖం కడగటం. దానిమీద జిడ్డు ఉంటే, నీళ్ళలో దించినప్పుడు గాలిబుడగలు అంటుకుంటాయి. ధ్వనికి గాలిబుడగ అంటే గోడతో సమానం. అందుకని మెత్తని గుడ్డతో సబ్బునీళ్ళు పెట్టి తుడుస్తారు. గరుకుగా తోమితే ముఖం గీసుకుపోతుంది కనుక పీచు వాడరు. దాని తీగను మొదటి నుంచి చివరిదాకా వేళ్ళతో తడిమి, ఎక్కడైనా ఒరిసిపోయిందేమో చూస్తారు.

రెండో పని దాన్ని పడవకు అమర్చటం. గట్టి గొట్టానికి బిగించి, పడవ పక్కన నీటిలోకి దించుతారు. మరచక్రం నీటిని చిలికి నురగ చేస్తుంది గనక దానికి దూరంగా పెట్టాలి. ముఖం సూటిగా కిందికి చూడాలి. తాపీవాళ్ళు గోడ నిలువు చూసినట్టుగా ఇక్కడా నిలువు చూస్తారు. బిళ్ళ నీటిమట్టానికి ఎంత దిగువన ఉన్నదో కొలిచి పుస్తకంలో రాసుకుంటారు. ఈ మాట గుర్తుంచుకోండి, చివర పనికివస్తుంది.

మూడో పని నీటి వేడిమి కొలవటం. ఉష్ణమాపకాన్ని అడుగుదాకా దించి, ఏ లోతున ఎంత వేడిమి ఉన్నదో రాసుకుంటారు. 5 డిగ్రీల నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,426 మీటర్లు పోతుంది. 20 డిగ్రీల నీటిలో 1,482 మీటర్లు. ఇది యంత్రానికి చెప్పకపోతే లోతులు తప్పు చూపుతుంది. ఇది మంచినీరని కూడా చెప్పాలి. ఉప్పునీరు ఇటువంటి ధ్వనిని చాలా ఎక్కువగా పీల్చుకుంటుంది. సముద్రంలో వాడే యంత్రం దూరాన్ని బట్టి ఆ నష్టాన్ని లెక్కగట్టి, వచ్చిన ప్రతిధ్వనికి కలుపుతుంది. అదే అమరికతో సరస్సులో కొలిస్తే, జరగని నష్టానికి పరిహారం ఇచ్చినట్టవుతుంది. 50 మీటర్ల లోతున ఉన్న రొయ్యల లెక్క సుమారు రెట్టింపు అవుతుంది.

నాలుగోది అన్నిటికన్న ముఖ్యమైనది. అదే పడికట్టురాయి వేసి చూడటం. ఇక్కడి పడికట్టురాయి టంగ్‌స్టన్ కార్బైడ్ అనే అతి గట్టి పదార్థంతో చేసిన గుండు. దాని అడ్డుకొలత 38.1 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా అంగుళంన్నర. నిమ్మకాయంత ఉన్నా బరువు సుమారు 430 గ్రాములు. అది అరగదు, సొట్టపోదు. దాని ప్రతిధ్వని ఎంత రావాలో గణితంతో ముందే కట్టి ఉంచారు. కిలో రాయి ఎక్కడ పెట్టినా కిలోయే అయినట్టు, ఈ గుండు ప్రతిధ్వని కూడా తెలిసిన లెక్కే.

గాలి లేని రోజున, చేపలు తిరగని లోతైనచోట పడవకు లంగరు వేస్తారు. గుండును సబ్బునీళ్ళలో ముంచుతారు, బుడగలు అంటకుండా. ఆ తరవాత దాన్ని వట్టి చేత్తో ముట్టరు. వేళ్ళ జిడ్డు అంటుతుంది. చేపలు పట్టే సన్నని నైలాన్ దారాలు మూడు కట్టి, పడవ మీద మూడు చోట్ల నుంచి వదులుతూ లాగుతూ, గుండును బిళ్ళకు కింద కొన్ని మీటర్ల దూరాన నిలుపుతారు. తోలుబొమ్మలాటలో బొమ్మను ఆడించినట్టు దాన్ని అటూ ఇటూ జరుపుతూ, ధ్వని పడే మేరంతా తిప్పుతారు. ప్రతిచోటా యంత్రం చెప్పిన అంకెను, రావలసిన అంకెతో పోల్చి చూస్తారు. తేడా వస్తే ఆ తేడాయే పాసంగం. దాన్ని యంత్రానికి నేర్పుతారు.

తేడా చిన్నదే గదా అని వదిలెయ్యరాదా? ధ్వని గట్టితనాన్ని డెసిబెల్‌లలో చెబుతారు. ఈ కొలతలో ఒక తమాషా ఉన్నది. 1 డెసిబెల్ తప్పు వస్తే 100 రొయ్యలు 126 అవుతాయి. 3 డెసిబెల్‌లు తప్పితే 100 కాస్తా 200 అవుతాయి. యంత్రం గొణుగుతుంది కాని, తప్పు చెబుతున్నానని చెప్పదు. బొమ్మ రంగురంగులుగా చక్కగానే వస్తుంది. దాన్ని నమ్మి, "ఈ సరస్సులో తిండి కావలసినంత ఉంది, ఇంకా చేపపిల్లలను వదలండి" అని ఎవరో పెద్దలు నిర్ణయం చేస్తారు. చేపలు ఆకలితో చస్తాయి. అప్పుడు మనం లెక్కలో చిన్న పొరపాటని సరస్సుతో చెప్పుకోగలమా?

అయిదో పని మౌనంగా వినటం. యంత్రం కూత వెయ్యకుండా చెవి మాత్రమే తెరిచి ఉంచుతారు. అప్పుడు కూడా ఏదైనా వినిపిస్తే అది పడవ ఇంజను మోతో, పక్కనున్న మరో యంత్రం కూతో అయి ఉండాలి. ఆపగలిగినవి ఆపుతారు. ఆపలేనివాటిని రాసుకుని, తరవాత లెక్కలో తీసివేస్తారు. గడియారాలన్నీ ఒకే టైము చూపేటట్టు సరిచేస్తారు.

ఆరో పని వలను సిద్ధం చెయ్యటం. ధ్వని వచ్చాక వల ఎందుకు అనవచ్చు. ధ్వని "ఇంత లోతున ఇంత గట్టిగా తగిలింది" అని చెబుతుందే గాని, తగిలింది ఏమిటో చెప్పదు. చేప కడుపులో గాలితిత్తి ఉంటుంది కనుక ఒక్క చేప ఎన్నో రొయ్యలంత మోగుతుంది. కొన్ని సరస్సులలో ఖావొబోరస్ అనే ఒక దోమవంటి పురుగు పిల్లలుంటాయి; వాటి ఒంట్లోనూ చిన్న గాలితిత్తులున్నాయి. అడుగు బురద నుంచి లేచే గాలిబుడగలు కూడా మోగుతాయి. కనుక వల వేసి, పైకి తీసి, ఏవి ఎన్ని పడ్డాయో, ఎంత పొడవున్నాయో చూస్తేనే ధ్వని లెక్కకు అర్థం ఉంటుంది. వలకు చిల్లులున్నాయేమో చూడటం, నీరు ఎంత పోయిందో కొలిచే చక్రాన్ని తిప్పి చూడటం, సీసాలకు చీటీలు అంటించటం కూడా అప్పుడే.

ఇన్నీ అయ్యాక, చీకటి పడి రొయ్యలు పైకి లేచిన తరవాత పడవ బయలుదేరుతుంది. వెన్నెల లేని రాత్రులైతే మరీ మంచిది. అందరూ ఈతచొక్కాలు తొడుక్కుంటారు. పడవ మీద తెల్లదీపాలు ఆర్పి ఎర్రదీపం పెట్టుకుంటారు, ఎందుకంటే ఎర్రని వెలుతురు మైసిస్ కళ్ళకు ఇంచుమించు ఆనదు. పడవ నెమ్మదిగా గీత గీసినట్టు సాగుతూ ఉంటే, తెరమీద అడుగు నుంచి లేచిన రొయ్యల గుంపు పరిచిన దుప్పటిలా కనిపిస్తుంది. అమెరికా, కెనడాల నడుమ ఉన్న ఆంటారియో మొదలైన మహాసరస్సులలో మైసిస్ పూర్వం నుంచీ ఉన్నది. అక్కడ అది చేపలకు మంచి ఆహారం. అక్కడి శాస్త్రజ్ఞులు దాన్ని ఇట్లాగే రాత్రివేళ ధ్వనితో, వలతో లెక్కపెడుతున్నారు.

మీరూ ఇంటి దగ్గర ఒక చిన్న పని చెయ్యవచ్చు. అమ్మనో, నాన్ననో వెంటబెట్టుకుని వెళ్ళి చెరువు నుంచి ఒక సీసా నీళ్ళు తెచ్చుకోండి. ఒంటరిగా గట్టు దిగవద్దు. నీళ్ళు గాజుగ్లాసులో పోసి, చీకటి గదిలో ఒక పక్కనుంచి టార్చి వెయ్యండి. జంతుప్లవకాలు ఎటు పోతాయో చూడండి. మూడుసార్లు లెక్కపెట్టండి. మూడుసార్లూ ఒకే అంకె వచ్చిందా? రాకపోతే ఎందుకు రాలేదో ఆలోచించి ఒక పుస్తకంలో రాయండి. పెద్దలకు నా మనవి ఒకటే: పిల్లలు రాసిన అంకెను వెంటనే దిద్దకండి, మళ్ళీ లెక్కపెట్టమనండి.

చివరగా ఒక లెక్క. సరస్సు నీటిలో ధ్వని వేగం సెకనుకు 1,440 మీటర్లు. ట్రాన్స్‌డ్యూసర్ నీటిమట్టానికి 1 మీటరు దిగువన ఉన్నది. అడుగు నుంచి ప్రతిధ్వని సెకనులో ఇరవయ్యో వంతులో తిరిగి వచ్చింది. సరస్సు లోతెంత?

72 మీటర్లన్నవారు ధ్వని వెళ్ళి రావాలన్న సంగతి మరిచారు. 36 అన్నవారికి సగం మార్కులు. బిళ్ళ ఎంత దిగువన ఉన్నదో రాసుకున్న పుస్తకం తీసి చూసి, 37 అన్నవారికి పూర్తి మార్కులు.